డిగ్రీ ఫిజిక్స్ మొదలుపెడుతున్నావా? ముందు ఖాళీ కాటా చూసుకో

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పడం మొదలుపెట్టి 19 ఏళ్లయింది. ఏటా మొదటి క్లాసులో ఒకటే అడుగుతాను: "అలిపిరి నుంచి కొండకు నడిచి ఎక్కినవాళ్లు ఎవరు?" దాదాపు అందరూ చేతులెత్తుతారు. "ఎక్కేటప్పుడు మీ ఒళ్లు ఎన్ని వాట్ల పని చేసింది?" అంటే ఎవరూ మాట్లాడరు. పైకెక్కడానికి చేసే పని ఎంతో చెప్పే ఎం జీ హెచ్ సూత్రం రానివాళ్లు ఆ గదిలో ఒక్కరూ ఉండరు. అది తమ కాళ్లకు సంబంధించిందని మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

లెక్క వేసి చూడు. నీ బరువు 60 కిలోలు, ఎక్కిన ఎత్తు సుమారు 800 మీటర్లు, జీ, అంటే భూమ్యాకర్షణ వల్ల కలిగే త్వరణం, 9.8 అనుకో. మూడూ గుణిస్తే 4,70,000 జౌళ్లు. 3 గంటలు పట్టిందంటే 10,800 సెకన్లు. భాగిస్తే 44 వాట్లు, అంటే పాతకాలపు గుండు బల్బు ఒకటి వెలిగేంత. ఒంట్లో ఖర్చయ్యే శక్తి దీనికి నాలుగైదు రెట్లుంటుంది. మిగిలిందంతా వేడిగా పోతుంది కాబట్టే మోకాళ్ల పర్వతం చేరేసరికి చొక్కా తడిసిపోతుంది.

ఇంటర్‌లో, ఎంట్రన్స్ కోచింగ్‌లో నాలుగు ఆప్షన్లు ఎదురుగా ఉండేవి. ఇక్కడ ఉండవు. అందుకని ఏ లెక్కకైనా పెన్ను పెట్టే ముందు జవాబు పదుల్లో ఉంటుందా, వేలల్లో ఉంటుందా అని ఒక అంచనా రాసుకో. మొదటి నెలంతా తప్పుతుంది. తప్పనీ. రెండో నెలకు చెయ్యి కుదురుకుంటుంది.

లెక్కల సంగతి టూకీగా చెప్తాను. మొదటి రెండు వారాలు రోజూ ఒక గంట వెక్టర్లు, డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ మళ్లీ చెయ్యి. చేసిపెట్టిన లెక్కను చదివి అర్థమైందనుకోవద్దు. పుస్తకం మూసి తెల్లకాగితం మీద మొదటి నుంచి చివరిదాకా చేయగలిగితేనే అది నీకు వచ్చినట్టు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఇంగ్లీషు పాఠం చూడగానే టెన్షన్ పడతారు. నేనూ అక్కడి నుంచే వచ్చాను, అందుకే గట్టిగా చెప్తున్నాను: మన మాటలను పారేసుకోవద్దు. 'మొమెంటం' అన్న మాటలో ఏమీ కనపడదు. 'ద్రవ్యవేగం'లో ద్రవ్యరాశీ వేగమూ రెండూ కనిపిస్తున్నాయి, గుణించడమే మిగిలింది. 'అభి' అంటే వైపు, కాబట్టి అభికేంద్ర బలం ఎటు పనిచేస్తుందో పేరే చెప్తుంది. నోట్సులో ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు మాట రాసుకుంటూ పో.

ఇక ల్యాబ్. నా ప్రాణమంతా ఇక్కడే ఉంది.

మాది దామలచెరువు. నాన్న మామిడికాయల మండీలో తూకం వేసేవాడు. పొద్దున మొదటి బుట్ట ఎక్కించే ముందు ఖాళీ కాటా సరిగ్గా నిలబడిందో లేదో చూసుకోకుండా ఒక్క కాయ కూడా తూచేవాడు కాదు. నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో దారానికి గోళం కట్టి ఊపే లఘులోలకం ప్రయోగం చేస్తే జీ విలువ 9.49 వచ్చింది. చుట్టూ అందరూ సీనియర్ల రికార్డు చూసి 9.8 రాస్తున్నారు. నేనూ చెరిపేసి 9.8 రాశాను, మార్కులన్నీ పడ్డాయి. ఆ సెలవులకు ఇంటికెళ్లి చెబితే నాన్న కోప్పడలేదు. "ఖాళీ కాటా చూసుకున్నావామ్మా?" అని మాత్రం అడిగాడు.

తిరిగొచ్చి మళ్లీ చేశాను. నేను దారం పొడవు ఒక్కటే కొలిచాను. కొక్కెం, గోళం వ్యాసార్ధం కలిపి 3 సెంటీమీటర్లు వదిలేశాను. మీటరులో 3 సెంటీమీటర్లు పోతే జీ కూడా నూటికి 3 వంతులు తగ్గుతుంది. మన తిరుపతిలో జీ విలువ 9.78కి దగ్గర. దాంట్లో 3 శాతం తీసేస్తే సరిగ్గా 9.49. నా రీడింగుల్లో ఏ తప్పూ లేదు. నిజం చెప్పిన అంకెను నేను చెరిపేశాను. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే నా పిల్లల రికార్డులో 9.8 అని అచ్చుగుద్దినట్టు కనిపిస్తే పిలిచి అడుగుతాను. 9.5 వచ్చి, ఎందుకొచ్చిందో రెండు వాక్యాలు రాసినవాళ్లకే ఎక్కువ మార్కులు వేస్తాను. స్క్రూగేజ్ ముట్టుకున్నా, వెర్నియర్ ముట్టుకున్నా మొదట జీరో ఎర్రర్ చూడు, అంటే ఏమీ పెట్టకముందే అది సున్నా చూపిస్తోందో లేదో. అది ఖాళీ కాటాయే.

ఇవన్నీ దేనికి పనికొస్తాయని అమ్మానాన్నలు అడుగుతారు, అడగాల్సిందే. చిత్తూరు రోడ్డులో గాదంకి దగ్గర వాతావరణాన్ని పరిశీలించే పెద్ద రాడార్ ఉంది. అది 53 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. కాంతి వేగాన్ని దాంతో భాగించు, తరంగదైర్ఘ్యం 5.7 మీటర్లు వస్తుంది. పైనుంచి తిరిగొచ్చే తరంగంలో డాప్లర్ మార్పును, అంటే గాలి కదలిక వల్ల పౌనఃపున్యంలో వచ్చే తేడాను కొలిచి అక్కడి గాలి వేగం చెప్తారు. తరంగాల పాఠంలో నువ్వు చదవబోయేదే ఇది. అక్కడ కూర్చున్నవాళ్లు తమకు నచ్చిన అంకె రాసుకుంటే ఏమవుతుందో ఆలోచించు.

కాలేజీ తెరిచేదాకా ఆగక్కర్లేదు. ఈ ఆదివారమే దారానికి ఒక చిన్న రాయి కట్టి, తలుపు గొళ్లేనికో కిటికీ ఊచకో వేలాడదీయి. దారం పొడవు 30, 50, 70, 90, 110 సెంటీమీటర్లు పెట్టు, అంత ఎత్తు దొరక్కపోతే తగ్గించుకో. కొంచెం మాత్రమే లాగి వదిలి, ఒక్కోదానికి 20 డోలనాల కాలం ఫోన్లో చూసి 20తో భాగించు. రాయి అటు వెళ్లి మళ్లీ ఇటు వస్తేనే ఒక డోలనం. ఒక్క డోలనం కొలిస్తే వేలు ఆలస్యమంతా దాని మీదే పడుతుంది. 20 కొలిస్తే అది 20 వాటాలవుతుంది. పొడవును మీటర్లలో అడ్డంగా, డోలనకాలపు వర్గాన్ని నిలువుగా పెట్టి గ్రాఫ్ గియ్యి. లోలకం సూత్రంలో ఉండే 4π², అంటే 39.5ని ఆ గీత వాలుతో భాగిస్తే జీ వస్తుంది.

రాయి మధ్యభాగం ఎక్కడుందో తెలియదే అని ఆగిపోవద్దు. దారం ఒక్కటే కొలువు. గీత సున్నా నుంచి బయలుదేరదు, అయినా వాలు మారదు. ఆ గీతను ఎడమవైపు పొడిగించి, అడ్డగీతను ఎక్కడ తాకిందో చూడు. నువ్వు కొలవకుండా వదిలేసిన పొడవు అదే. ఆ కాగితం మొదటిరోజు క్లాసుకు పట్టుకురా.