గోడ మీది పాత కాగితం: సేఫ్టీ పాలసీని, ఎస్‌ఓపీని వేరుచేసుకోవడం ఎలా

బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల్లో 14 ఏళ్లుగా సేఫ్టీ ఆఫీసరుగా పనిచేస్తున్నాను. ఈ మధ్య తెలిసిన ఒక చిన్న యూనిట్ వాళ్లు తమ సేఫ్టీ పాలసీని ఒకసారి చూసిపెట్టమని పంపారు. మొత్తం 23 పేజీలు. మొదటి పేజీలో డైరెక్టరు గారి హామీ, ఆరో పేజీలో హెల్మెట్ల రంగులు, పదకొండో పేజీలో రియాక్టర్ (మందు తయారయ్యే పెద్ద పాత్ర) కడిగే పద్ధతి, చివర అంబులెన్స్ డ్రైవర్ ఫోన్ నంబరు. ఆ డ్రైవర్ మానేసి ఏడాది దాటిందట. నంబరు మార్చాలంటే డైరెక్టరు మళ్లీ సంతకం చేయాలి, ఆయన ఊళ్లో ఉండరు. అందుకని ఎవరూ ముట్టుకోలేదు.

పాలసీనీ, పని పద్ధతిని చెప్పే ఎస్‌ఓపీనీ (స్టాండర్డ్ ఆపరేటింగ్ ప్రొసీజర్) ఒకే కాగితంలో కలిపేస్తే జరిగేది ఇదే. మార్చకూడనిదీ తరచూ మార్చాల్సిందీ ఒకే సంతకం కింద ఉండిపోతాయి.

పాలసీ అంటే యాజమాన్యం కార్మికులకు ఇచ్చే మాట. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణ, ఆ మాటను రాతలో పెట్టి కార్మికులకు తెలియజేయాలని చెప్పింది. 2018లో వచ్చిన, పనిచోట భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 45001 కూడా పాలసీ బాధ్యతను పై యాజమాన్యం మీదే పెట్టింది. నా లెక్కలో పాలసీ ఒక పేజీ దాటకూడదు. గేటు దగ్గర నిలబడి చదివితే రెండు నిమిషాల్లో అయిపోవాలి. ‘ఎలా’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పేది ఎస్‌ఓపీ. ఎవరు చేయాలి, ఏ వరసలో చేయాలి, ఏ కొలత దాటితే ఆపాలి అన్నవన్నీ అందులో ఉంటాయి.

వేరుచేయడానికి నేను చేసేది చెబుతాను. పాత పాలసీ ప్రింట్ తీసుకుని ఎర్ర పెన్నుతో కూర్చుంటాను. మనిషి పేరు, ఫోన్ నంబరు, కొలత, పనిముట్టు, పని వరస కనిపించిన ప్రతి వాక్యాన్నీ గీసి పక్కన ‘ఎస్‌ఓపీ’ అని రాస్తాను. ఫోన్ నంబర్లను మాత్రం ఎస్‌ఓపీలో కూడా పెట్టను. విడిగా ఒక షీటు, దాన్ని నెలకోసారి డయల్ చేసి చూడాలి.

ట్యాంకులోకి దిగే పనినే తీసుకోండి. ‘పర్మిట్ (రాతపూర్వక అనుమతి) లేకుండా ఏ ట్యాంకులోకీ ఎవరినీ దింపం. భయం వేసి దిగనన్న కార్మికుడి మీద ఏ చర్యా తీసుకోం.’ ఇది పాలసీ. డైరెక్టరు తప్ప ఇంకెవరూ ఇవ్వలేని మాట. ‘ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉందని మీటరుతో చూడాలి, లోపలికి తీసుకెళ్లే లైటు 24 వోల్టులు మించకూడదు, మ్యాన్‌హోల్ దగ్గర ఒక మనిషి కదలకుండా ఉండాలి.’ ఇది ఎస్‌ఓపీ. రాసేది ప్రొడక్షన్, సేఫ్టీ కలిసి. ఒక ముఖ్యమైన సంగతి: దాన్ని ట్యాంకు దిగే హెల్పర్ల ముందు చదివి వినిపించకుండా సంతకాలకు పంపకండి. మా దగ్గర ఒడిశా, బిహార్ కుర్రాళ్లు ఎక్కువ. తెలుగులోనే రాసి ఊరుకుంటే సగం మందికి చేరదు. ఒడియా, హిందీ కాపీలకు కూడా అదే నంబరు, అదే రివిజన్ (ఎన్నోసారి మార్చిందో చెప్పే అంకె) ఉండాలి. తెలుగు కాపీ మారిన రోజే అవీ మారాలి.

ఇక కాపీల సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ఒకసారి మా మనిషి ప్రాణం పోబోయింది.

అప్పట్లో నేను పనిచేసిన ప్లాంటులో రియాక్టర్ క్లీనింగ్ ఎస్‌ఓపీని నాలుగో రివిజన్‌కి మార్చాం. మూడో రివిజన్‌లో ‘నైట్రోజన్ వాల్వు మూయాలి’ అని ఉండేది. వాల్వు పాస్ అయితే, అంటే లోపల లీకవుతుంటే, మూసినా గ్యాస్ లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి, ‘లైను విప్పి బ్లైండ్ (దారి మూసే గట్టి బిళ్ల) వేయాలి’ అని మార్చాం. కొత్త కాపీ ఫైల్లో పెట్టాం, ట్రైనింగ్ ఇచ్చాం. కానీ రెండో అంతస్తులో స్తంభానికి ఎవరో ఎప్పుడో లామినేషన్ చేసి అతికించిన మూడో రివిజన్ అలాగే ఉండిపోయింది. నైట్ షిఫ్ట్‌లో దాన్నే చూసి వాల్వు మూసి పని మొదలుపెట్టారు. నైట్రోజన్ నిండితే ఊపిరికి ఆక్సిజన్ మిగలదు, పైగా దానికి వాసన ఉండదు. దిగిన కుర్రాడు రెండు నిమిషాల్లో కూలబడ్డాడు. నడుముకు తాడు ఉంది, పైన మనిషి ఉన్నాడు కాబట్టి లాగగలిగారు. బతికాడు. మర్నాడు ఆ స్తంభం దగ్గర నిలబడితే నాకు కాళ్లు వణికాయి. ఆ కాగితం పక్కనుంచి నేను రోజూ నడిచాను.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. సంతకాలున్న అసలు కాపీ ఒక్కటే, అది క్యూఏ (నాణ్యత చూసే విభాగం) దగ్గర ఉంటుంది. ప్లాంటులోకి వెళ్లే ప్రతి కాపీకీ రంగు సిరాతో ‘కంట్రోల్డ్ కాపీ’ స్టాంపు, కాపీ నంబరు వేస్తాం. జిరాక్స్ తీస్తే సిరా నల్లగా వస్తుంది, చూడగానే తెలుస్తుంది. ఏ నంబరు కాపీ ఎక్కడుందో రిజిస్టరులో రాస్తాం, గోడమీదివి కూడా. రిజిస్టరులో లేని కాగితం గోడమీద కనిపిస్తే అక్కడికక్కడే తీసేస్తాం. కొత్త కాపీ ఇచ్చేటప్పుడు పాతది చేతిలోకి వచ్చాకే సంతకం. పాతది పోయిందంటే వెతికి తెమ్మంటాను. షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌లు విసుక్కున్నా సరే, దీన్ని మాత్రం సడలించను. వెనక్కి వచ్చినవాటిని చింపేసి, ఒక్కటి మాత్రం ‘అబ్సొలీట్’ (ఇక చెల్లదు) స్టాంపుతో బీరువాలో పెడతాం. రేపు ఏదైనా జరిగితే ఆ రోజు ఏ రివిజన్ నడుస్తోందో తెలియాలి కదా.

ప్రతి పేజీ మీదా డాక్యుమెంట్ నంబరు, రివిజన్, అమల్లోకి వచ్చిన తేదీ, ‘6లో 2వ పేజీ’ లాంటి లెక్క ఉండాలి. మొదటి పేజీ మీదే పెడితే, విడిపోయిన పేజీ ఏ రివిజన్‌దో ఎవరికీ తెలియదు. ఆమోదం తేదీకీ అమలు తేదీకీ మధ్య కనీసం వారం ఉంచండి. ట్రైనింగ్ ఆ వారంలోనే అయిపోవాలి.

నింపిన పర్మిట్లు, గ్యాస్ రీడింగులు ఈ లెక్కలోకి రావు. అవి రికార్డులు. జరిగిన దానికి సాక్ష్యం కాబట్టి వాటికి రివిజన్ ఉండదు, వైట్‌నర్ పడకూడదు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. ఖాళీ ఫారానికి మాత్రం రివిజన్ నంబరు ఉండాలి.

సప్లయర్ పంపే సేఫ్టీ డేటా షీట్లు (రసాయనం ప్రమాదాలు, జాగ్రత్తలు చెప్పే కాగితాలు) మనం రాసినవి కాకపోయినా, వాటినీ మాస్టర్ లిస్టులో, అంటే అన్ని కాగితాల జాబితాలో ఎక్కించండి. సాల్వెంట్ సప్లయర్ మారితే షీటు కూడా కొత్తది తెప్పించుకోవాలి.

ఇప్పుడు గోడకన్నా నాకు ఫోన్లతోనే టెన్షన్. ఎస్‌ఓపీని ఫొటో తీసి షిఫ్ట్ వాట్సాప్ గ్రూపులో పెడతారు, రెండేళ్ల తర్వాత కూడా అదే వెతికి చూస్తారు. వద్దంటే ఆగదు. అందుకే ప్రతి రియాక్టర్ పక్కనా క్యూఆర్ కోడ్ పెట్టించాను, స్కాన్ చేస్తే నడుస్తున్న రివిజన్ ఒక్కటే తెరుచుకుంటుంది. కొత్త రివిజన్ వచ్చిన రోజు గ్రూపులో నేనే మెసేజ్ పెడతాను, ఏ ఒక్క స్టెప్ మారిందో రెండు లైన్లలో. నెలకోసారి నైట్ షిఫ్ట్‌కి వెళ్లి, పనిలో ఉన్న హెల్పర్‌ని, ‘బాబూ, నువ్వు చూసే కాగితం ఏదో చూపించు’ అని అడుగుతాను. అతను చూపించిన రివిజన్ నంబరును రిజిస్టరుతో పోల్చి చూసుకున్నాకే ఇంటికి బయల్దేరతాను.