రోహిణి కార్తెలో స్నోబోర్డు: మంచు లేని, కరోనా ఉన్న నెలల్లో ఏం చేయాలి, ఎలా చేయాలి?

ఇది 2021 రోహిణి కార్తెలో, కరోనా రెండో వేవ్ నడుస్తున్నప్పుడు బెజవాడలో రాసింది. రోళ్ళు పగిలే ఎండలంటారే, అప్పుడున్నవి అవే. ఆ ఏడాది మే 5 నుంచి మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ ఉండేది, ఆ లోపు బయటికెళ్దామంటే 9 కల్లా బందరు రోడ్డు పెనంలా కాలేది. కశ్మీర్‌లోని గుల్‌మర్గ్‌లో మంచు మళ్ళీ పడేది డిసెంబరులోనే, అంటే ఇంకా ఆరు నెలల పైమాట. మనవైపు నుంచి స్నోబోర్డింగ్‌కి, అంటే రెండు కాళ్ళూ ఒకే పలకకి బిగించుకుని మంచు వాలు మీద జారడానికి, వెళ్ళేవాళ్ళం తక్కువమందిమే అయినా ఉన్నాం, ఏడాదికి పది పన్నెండు రోజులు మంచు దొరికితే మిగతా రోజులన్నీ దాన్ని తలుచుకుంటూ గడిపేవాళ్ళం. ఈ రాత వాళ్ళ కోసం. కొత్తగా నేర్చుకోవాలని ఉన్నవాళ్ళకి కూడా పనికొస్తుంది.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. మామూలు ఏడాదిలో ఆఫ్ సీజన్ అంటే స్కేట్‌బోర్డు కొనుక్కుని బీఆర్టీఎస్ రోడ్డు మీద ప్రాక్టీస్ చేయండి అనేవాణ్ణి. ఆ ఏడాది అనలేదు. ఆసుపత్రుల్లో బెడ్ దొరక్క జనం అల్లాడిపోతున్న రోజుల్లో మణికట్టు విరగ్గొట్టుకుని క్యాజువాల్టీకి వెళ్ళడం మనకీ మంచిది కాదు, అక్కడ నిద్రలేకుండా పనిచేస్తున్న నర్సులకీ మంచిది కాదు. అందుకే కింద చెప్పేవన్నీ ఇంట్లో, మెట్ల మీద, డాబా మీద చేసుకునేవే.

ముందు బోర్డు సంగతి చూడండి

సీజన్ నుంచి వచ్చి బోర్డుని కవర్లోనే వదిలేసినవాళ్ళు ఈరోజే తీయండి. నేను మొదటి ఏడాది మార్చిలో వచ్చి కవర్‌తో సహా అటక మీద పెట్టేశాను. మాది పై అంతస్తు, శ్లాబు వేడి నేరుగా అటక మీదికే దిగుతుంది. నవంబరులో దించి చూస్తే రెండు వైపులా స్టీలు ఎడ్జ్ (అంచు) మీద కుంకుమ రంగు తుప్పు, బేస్ (అడుగు భాగం) ఎండిపోయి అక్కడక్కడ తెల్లగా పాలిపోయి ఉంది. దాన్ని గీకి, రుద్ది, మళ్ళీ దారిలో పెట్టడానికి రెండు ఆదివారాలు పట్టింది.

చేయాల్సిన పని ఇది. బైండింగ్స్ (బూట్లని బోర్డుకి పట్టి ఉంచేవి) విప్పేయండి, విప్పేముందు ఫోన్‌తో ఒక ఫొటో తీయండి, ముందు కాలు ఎన్ని డిగ్రీల్లో ఉంది, వెనక కాలు ఎన్ని డిగ్రీల్లో ఉంది అనేది డిసెంబరుకి ఎవరికీ గుర్తుండదు. స్క్రూలన్నీ ఒక జిప్ కవర్లో వేసి ఆ కవర్‌ని బైండింగ్‌కే కట్టేయండి. విప్పడం కుదరకపోతే కనీసం స్క్రూలు వదులు చేయండి, నెలల తరబడి బిగించే ఉంచితే ఆ లాగుడికి బేస్ మీద చిన్న చిన్న గుంటలు పడే ప్రమాదం ఉంది.

తర్వాత బోర్డుని రెండు ప్లాస్టిక్ స్టూళ్ళ మీద బోర్లా పెట్టి, తడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. ఎడ్జ్ మీద తుప్పు కనిపిస్తే సన్న గరుకు కాగితంతో ఎడ్జ్ వరకే, ఒకే దిక్కుగా రుద్దండి, బేస్‌కి తగలనివ్వద్దు. ఇప్పుడు వాక్స్, అంటే మైనం. బట్టలకి వాడని పాత ఇస్త్రీపెట్టె ఒకటి దీనికోసం పక్కన పెట్టుకోండి, ఒకసారి వాక్స్ అంటుకున్న పెట్టెతో చొక్కా రుద్దితే ఆ చొక్కా ఇక మర్చిపోవాల్సిందే. వాక్స్ ముక్కని పెట్టెకి ఆనిస్తే చుక్కలుగా కారాలి. పొగ వస్తోందంటే వేడి ఎక్కువైనట్టు, వెంటనే తగ్గించండి. చుక్కలన్నీ బేస్ నిండా పడ్డాక పెట్టెని ఎక్కడా ఆపకుండా కదుపుతూ పరిచేయండి, ఎడ్జ్ మీదికి కూడా రానివ్వండి, అదే దానికి తుప్పు పట్టకుండా కాపలా. ఆ తర్వాత గీకకండి. మంచులోకి వెళ్ళేముందు అయితే గీకి నున్నగా చేస్తాం గానీ, దాచిపెట్టేటప్పుడు ఆ మందపాటి పొరే కావాలి. ఫ్యాన్ ఆపి చేయండి, కిటికీలు మాత్రం తెరిచి ఉంచండి.

ఎక్కడ పెట్టాలి? అటక వద్దు, బాల్కనీ వద్దు, పడమటి ఎండ తగిలే గోడ వద్దు. వట్టి నేల మీద కూడా వద్దు, వానాకాలంలో గచ్చు చెమ్మ పీలుస్తుంది. ఇంట్లో చల్లటి గదిలో బీరువా మీద గానీ, మంచం కింద రెండు చెక్కముక్కలు వేసి వాటి మీద గానీ పడుకోబెట్టండి.

బూట్ల లోపలి లైనర్లు బయటికి తీసి నీడలో ఆరబెట్టి, లోపల పాత పేపర్లు కుక్కండి. జూన్‌లో వానలు మొదలయ్యాక ఆ పేపర్లు పదిహేను రోజులకోసారి మార్చాలి, లేకపోతే బూజు వాసన ఖాయం. గాగుల్స్ అద్దం లోపలివైపు చొక్కా అంచుతో తుడిచే అలవాటుంటే మానేయండి, ఆవిరి పట్టకుండా వేసిన పూత అక్కడే ఉంటుంది, అది గీసుకుపోతుంది. అవలాంచ్ బీకన్ (మంచు చరియ, అంటే అవలాంచ్, కింద కూరుకుపోయినవాళ్ళని వెతకడానికి సిగ్నల్ పంపే చిన్న పరికరం) ఉన్నవాళ్ళు బ్యాటరీలు తీసేయండి. ఇది చాలామంది మర్చిపోయే పని. బ్యాటరీ లోపల కారి పాడైతే ప్రాణం కాపాడాల్సిన వస్తువు పనికిరాకుండా పోతుంది.

ఒంటి సంగతి: గోడకుర్చీ, మెట్లు, తొక్కుడుబిళ్ళ

స్నోబోర్డు మీద రోజంతా మోకాళ్ళు వంచే ఉంటాం. మొదటిసారి వెళ్ళినవాళ్ళకి రెండోరోజు పొద్దున మంచం దిగడానికే తొడలు సహకరించవు, దానికి కారణం ఇదే. దీనికి జిమ్ అక్కర్లేదు, అప్పుడు అవి మూసే ఉన్నాయి కూడా. చిన్నప్పుడు హోమ్‌వర్క్ చేయకపోతే మాస్టారు వేయించిన గోడకుర్చీ గుర్తుందా, అదే. వీపు గోడకి ఆనించి, కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్ళు వంచి ఉండిపోవడం. మొదటి వారం 30 సెకన్లు, మూడుసార్లు. వారానికి పది పది సెకన్లు పెంచండి. రెండు నిమిషాలు ఆగగలిగితే గుల్‌మర్గ్‌లో మధ్యాహ్నం తర్వాత కూడా మీ కాళ్ళు మీ మాట వింటాయి.

రెండోది మెట్లు. అందరూ ఎక్కడం మీద దృష్టి పెడతారు, మనకి కావాల్సింది దిగడం. ఒక్కో మెట్టు మీద మూడు అంకెలు లెక్కపెట్టుకుంటూ, కాలు ధబీమని వేయకుండా, నెమ్మదిగా దిగండి. బోర్డు మీద వాలు దిగేటప్పుడు తొడ కండరం చేసే పని ఇదే: సాగుతూనే బరువు మోయడం. మోకాలి నొప్పి ఉన్నవాళ్ళు దీన్ని వదిలేయండి. అపార్ట్‌మెంట్ మెట్లయితే మాస్కు పెట్టుకోండి, పెద్దవాళ్ళు వస్తుంటే వాళ్ళు వెళ్ళేదాకా పక్క అంతస్తులో ఆగండి.

మూడోది మా పక్కింటి పాపని చూసి మొదలుపెట్టాను. తొక్కుడుబిళ్ళ. సుద్దముక్కతో డాబా మీద గళ్ళు గీసి ఒంటికాలి మీద గెంతడం, దిగినచోట కదలకుండా రెండు సెకన్లు నిలబడటం. చీలమండకి, మోకాలికి, నడుముకి ఒకేసారి పని. ఏ కాలి మీద తడబడుతున్నారో గమనించి ఆ కాలికి రెట్టింపు చేయండి. మావాడొకడు ఇలా గెంతుతుంటే డాబా మీద చిన్నవడియాలు పెడుతున్న పిన్నిగారు "ఏం నాయనా, ఈ వయసులో తొక్కుడుబిళ్ళేంటి" అని అడిగి, విషయం చెప్పాక ఆవిడే గళ్ళు సరిగ్గా ఎలా గీయాలో చూపించారట.

టైమ్ మాత్రం పొద్దున 5 నుంచి 6:30 లోపే. తర్వాత డాబా కాలుతుంది. మంచినీళ్ళో మజ్జిగో దగ్గర పెట్టుకోండి. కళ్ళు తిరిగినట్టు అనిపిస్తే ఆరోజుకి ఆపేయండి.

బ్యాలెన్స్ బోర్డు ఇంట్లోనే చేసుకోండి

సామాను దొరకడం కష్టం కాదు. 18 ఎంఎం ప్లైవుడ్ ముక్క ఒకటి, రెండున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు. మందపాటి నాలుగు అంగుళాల పీవీసీ పైపు అడుగున్నర. ప్లైవుడ్ అడుగున రెండు చివరలా అంగుళం మందం రీపు ముక్కలు అడ్డంగా బిగించాలి, పైపు జారి బయటికి పోకుండా అవే ఆపుతాయి. ఇవి లేకుండా ఎక్కకండి, నిజంగా చెప్తున్నాను. పైన పాత డోర్‌మ్యాట్ ముక్క అంటిస్తే కాలు జారదు. అంచులు గరుకు కాగితంతో నున్నగా చేయండి.

మొదటి వారం పైపు తీసేసి, దాని బదులు మడిచిన బొంత వేసి దాని మీద నిలబడండి. తర్వాత పైపు పెట్టి, కిటికీ ఊచ పట్టుకుని ఎక్కండి. చుట్టూ పరుపు గానీ చాప మీద బొంత గానీ ఉండాలి, టీపాయ్ లాంటివి దూరంగా జరపండి. చూపు కాళ్ళ మీద కాదు, ఎదురుగా గోడ మీద ఒక చుక్క పెట్టుకుని దాని మీద. మంచు మీద కూడా చూపు ఎటుంటే బోర్డు అటు పోతుంది.

మీరు ఏ కాలు ముందు పెట్టాలో తెలియకపోతే ఇంట్లో ఎవరినైనా వెనక నుంచి మెల్లగా తోయమనండి. ముందుకు తూలినప్పుడు ఏ కాలు ముందు పడిందో చాలామందికి అదే ముందు కాలు. ఎడమ కాలు ముందైతే రెగ్యులర్, కుడి కాలు ముందైతే గూఫీ. ఏది మంచి ఏది చెడు అనేది లేదు.

పడటం నేర్చుకోండి

కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది మణికట్టు దగ్గరే, పడేటప్పుడు అరచెయ్యి చాచి ఆపుకోబోతారు కాబట్టి. పరుపు మీద మోకాళ్ళ మీద కూర్చుని మొదలుపెట్టండి. ముందుకు పడితే పిడికిళ్ళు మూసి మోచేతుల నుంచి ముంజేతుల వరకు ఆనించాలి. వెనక్కి పడితే గడ్డం ఛాతీకి ఆనించి, పిరుదుల మీద నుంచి వీపు మీదికి దొర్లాలి, చేతులు వెనక్కి పోకూడదు. రోజూ పదిసార్లు. నెల తిరిగేసరికి ఆలోచించకుండానే పిడికిలి మూసుకుంటుంది.

మెట్ల దగ్గరే కొండ వాలు చదవడం

గుల్‌మర్గ్ గొండోలా (కేబుల్ కారు) రెండో దశ ఎక్కితే అఫర్వత్ మీద సుమారు 3,950 మీటర్ల ఎత్తులో దిగుతాం. అక్కడి నుంచి కాపలా ఉన్న దారి దాటి పక్కకి వెళ్తే అవలాంచ్ ప్రమాదం నిజం. ఎక్కువ అవలాంచ్‌లు 30 నుంచి 45 డిగ్రీల వాలులో వస్తాయని పుస్తకాల్లో చదువుతాం, కానీ 30 డిగ్రీలంటే ఎంతో కంటికి తెలియదు. ఫోన్లో వాలు కొలిచే యాప్ వేసుకుని, ఒక పొడుగు కర్రని మీ ఇంటి మెట్ల అంచుల మీదుగా ఆనించి దాని మీద ఫోన్ పెట్టండి. మా మెట్లు 33 డిగ్రీలు చూపించాయి. మనం రోజూ పాలప్యాకెట్ తెచ్చుకునే మెట్ల వాలులోనే మంచు జారిపడొచ్చని తెలిసినరోజు నాకు చాలాసేపు వేరే పని తోచలేదు. ఇప్పుడు ఏ వీడియోలో కొండ చూసినా మా మెట్లతో పోల్చుకుంటాను. మీరు కూడా ర్యాంపులు, ఫ్లైఓవర్లు, డాబా రేకులు అంచనా వేసి తర్వాత కొలిచి చూడండి. మంచు కింద కూరుకుపోయినవాళ్ళు బతికే అవకాశం 15 నిమిషాలు దాటితే వేగంగా పడిపోతుంది, కాబట్టి బీకన్ ఉన్న ఇద్దరు ముగ్గురు ఒకే ఇంట్లో ఉంటే ఒకరు దాచి ఇంకొకరు వెతికే ప్రాక్టీస్ చేయండి, అయ్యాక బ్యాటరీలు మళ్ళీ తీసేయండి.

కరోనా వచ్చి తగ్గినవాళ్ళకి

పైన చెప్పిన వ్యాయామాలేవీ వెంటనే మొదలుపెట్టకండి. డాక్టర్ని అడిగాకే. ముందు ఇంట్లో ఆరు నిమిషాలు మామూలుగా నడిచి, నడకకి ముందు, తర్వాత ఆక్సీమీటర్‌లో చూసుకోండి. 94 కంటే తగ్గినా, ముందున్నదానికంటే 3 పాయింట్లకి మించి పడినా, ఛాతీలో నొప్పి గానీ గుండెదడ గానీ అనిపించినా డాక్టర్‌కి ఫోన్ చేయాలి. నా ఫ్రెండ్ ఒకడు గుంటూరులో ఉంటాడు, ఏప్రిల్‌లో వచ్చి తగ్గింది, నాలుగు వారాలు వరండాలో నడక మాత్రమే చేశాడు, ఇది రాసేసరికి గోడకుర్చీ 20 సెకన్ల దగ్గర ఉన్నాడు. గుల్‌మర్గ్ ఊరే 2,600 మీటర్ల పైన ఉంటుంది, బెజవాడ ఊపిరితిత్తులకి అది మామూలు రోజుల్లోనే పరీక్ష, కాబట్టి అక్కడ ఆయాసపడేకంటే ఇక్కడ నెలరోజులు ఆలస్యంగా మొదలుపెట్టడం మేలు.

వ్యాక్సిన్ స్లాట్ దొరికితే వాయిదా వేయకండి అని 2021లో చెప్పేవాణ్ణి. కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య అప్పట్లో 12 నుంచి 16 వారాలు అనేవారు, అంటే జూన్ మొదట్లో తొలి డోసు పడితే రెండోది ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు చివరలోగా వచ్చేది, సీజన్‌కి ముందే అయిపోయేది. విమానం టికెట్లు మాత్రం ఇప్పుడే కొనకండి. గన్నవరం నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి శ్రీనగర్, రెండు వేర్వేరు టికెట్లయితే, ఒకటి రద్దయితే రెండోదాని డబ్బు ఇరుక్కుంటుంది. ఆ డబ్బు నెలనెలా పోస్టాఫీసు ఆర్డీలో వేసుకోండి. నవంబరు మొదటి వారంలో పరిస్థితి చూసి, బీరువా మీద నుంచి బోర్డు దించి, బూట్లు తొడుక్కుని పావుగంట ఇంట్లో తిరిగి బొటనవేలు ఎక్కడైనా నొక్కుతోందేమో చూసుకుని, ఆ తర్వాతే బుక్ చేయండి.