అరేంజర్ కీబోర్డుల పోలిక, 6వ పాఠం: ముందు వాల్యూమ్ సమం చేయండి

అరేంజర్ కీబోర్డు అంటే మనం వాయిస్తుంటే తాళమూ తోడు వాద్యాలూ తానే కలిపే కీబోర్డు. ఈ వారం వాటిలోని స్టైల్స్ గురించి, అంటే ఢోలక్, తబలా, డ్రమ్ కిట్‌ల నాణ్యత గురించి రాయాలనుకున్నాను. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. ఐదో పాఠం తర్వాత మీరు పంపిన మార్కుల పట్టికలు చూశాక, వాల్యూమ్ సంగతి తేల్చకుండా ముందుకు వెళ్లకూడదనిపించింది.

పోయినసారి నేను అడిగింది చిన్న పనే. ఒకే నాలుగు బార్ల ముక్కను రెండు కీబోర్డుల మీద వాయించి పియానో, ఫ్లూట్, స్ట్రింగ్స్‌కి పదికి మార్కులు వేయమన్నాను. వచ్చిన పట్టికల్లో దాదాపు అన్నీ ఒకేలా ఉన్నాయి: ఒక కీబోర్డుకి మూడు టోన్లలోనూ ఎనిమిది, తొమ్మిది, రెండోదానికి మూడింట్లోనూ ఐదు, ఆరు. నిజంగా విన్న చెవి ఇలా మార్కులు వేయడం అరుదు. ఏ కంపెనీ కీబోర్డులోనైనా ఒక టోన్ మనసుకి పట్టేస్తుంది, పక్కనే ఇంకొకటి సాదాగా ఉంటుంది. అన్నీ ఒకవైపే మొగ్గాయంటే ఆ మొగ్గుకి కారణం టోన్ కాకపోవచ్చు.

గుంటూరు బ్రాడీపేట నుంచి రాసిన అబ్బాయి విషయంలో నాకు నిజంగా కంగారు పుట్టింది. ఆ పట్టిక నమ్మి పాత కీబోర్డు ఎక్స్ఛేంజ్‌కి మాట్లాడేసుకుని, అడ్వాన్స్ కూడా ఇచ్చాడు. ఫోన్ చేసి అడిగాను: "రెండింటి వాల్యూమ్ ఎక్కడ పెట్టావు నాయనా?" "రెండూ సగానికే పెట్టాను సార్, గుండీ నిటారుగా." పటమటలో చర్చి క్వైర్‌కి వాయించే అమ్మాయీ అదే మాట చెప్పింది. "వాల్యూమ్ సరిచూసుకోండి" అని నేను ఒక్క వాక్యంలో రాసి వదిలేశాను. అది నా తప్పు. కాబట్టి ఈ పాఠంలో ఎక్కువ భాగం దీనికే.

గుండీ సగంలో ఉండడానికి అర్థం ఏమీ లేదు. ఒక కీబోర్డులో సగం దగ్గర లైన్ అవుట్‌లో (శబ్దాన్ని బయటి స్పీకర్లకి పంపే జాక్‌లో) 0.30 వోల్టులు వస్తుంటే, ఇంకొకదాంట్లో అదే సగం దగ్గర 0.42 రావచ్చు. ఆ తేడా దాదాపు 3 డెసిబెల్స్ (శబ్దం మట్టానికి కొలత). స్క్రీన్ మీద అంకెలతోనూ ఇదే చిక్కు. జనరల్ మిడి (కీబోర్డు కంపెనీల ఉమ్మడి ప్రమాణం) సూచించిన లెక్క ప్రకారం ఛానల్ వాల్యూమ్ 127 నుంచి 100కి తగ్గిస్తే సుమారు 4 డెసిబెల్స్ పడిపోతుంది, 90కి తగ్గిస్తే 6. ప్రతి కంపెనీ ఈ లెక్కనే పాటించాలని కూడా లేదు.

3 డెసిబెల్స్ అంటే వినగానే "ఇది గట్టిగా ఉంది" అని చాలామందికి అనిపించదు. "ఇది క్లియర్‌గా ఉంది, ఇందులో బేస్ నిండుగా ఉంది, పియానో మెరుస్తోంది" అనిపిస్తుంది. ఇక్కడే మోసపోతాం. 1933లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు మనిషి చెవి మీద చేసిన కొలతలు ప్రచురించారు. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి లోతైన స్వరాలు బాగా తక్కువగా వినిపిస్తాయి, బాగా పైనున్న స్వరాలు కూడా కొంత వెనకబడతాయి. వాల్యూమ్ పెంచేకొద్దీ ఆ రెండు కొసలూ నిండుకుంటూ వస్తాయి. అంటే అదే ఢోలక్, అదే శాంపిల్ (అసలు వాయిద్యం నుంచి రికార్డు చేసిన ముక్క), కాస్త గట్టిగా వాయిస్తే చాలు, ఎడమ చేతి గుమికి బలం వస్తుంది, కుడి వైపు టక్కు స్పష్టమవుతుంది. మనం దానికి "సౌండ్ క్వాలిటీ" అని పేరు పెట్టి డబ్బు కడతాం. షాపులో కొత్త మోడల్‌ని పెద్ద స్పీకర్లకి కలిపి, మన పాతదాన్ని దాని సొంత చిన్న స్పీకర్లలో వినిపిస్తే, ఆ పోలిక మొదలవకముందే ముగిసిపోయినట్టు.

మరి సమం చేయడం ఎలా? నాకు నచ్చే పద్ధతి మల్టీమీటర్. చవక మీటర్లలో ఏసీ రేంజ్ 200 వోల్టుల నుంచి మొదలవుతుంది, అది ఇక్కడ పనికిరాదు. 2 వోల్టుల ఏసీ రేంజ్ ఉన్నది కావాలి. వైబ్రాటో (స్వరం ఊగడం), రోటరీ (తిరిగే స్పీకర్ ఎఫెక్ట్), రివర్బ్ (హాలు ప్రతిధ్వని) అన్నీ తీసేసిన ఆర్గన్ టోన్‌లో మధ్య సి కింద ఉన్న ఎ నోట్ పట్టుకోండి. అది 220 హెర్ట్జ్. జాక్ కొసకీ దాని గొట్టానికీ మధ్య కొలవండి. రెండు కీబోర్డులూ ఒకే అంకె చూపేదాకా గుండీ తిప్పి, అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. కింద చెప్పబోయే కంప్యూటర్ పద్ధతి కన్నా దీన్ని ఇష్టపడటానికి కారణం, చేతులు కీస్ మీద ఉండగానే పోల్చుకోవచ్చు.

అయితే ఇది మొదటి మెట్టే. ఆర్గన్ సమమైంది కదా అని పియానో, ఫ్లూట్ కూడా సమమైనట్టు కాదు. తయారుచేసేవాళ్లు ఒక్కో టోన్‌ని ఒక్కో మట్టంలో పెడతారు. ఏ టోన్ పోలుస్తున్నారో దాన్నే సమం చేయాలి. అందుకు రికార్డింగ్ తప్పదు. లైన్ అవుట్ నుంచి కంప్యూటర్‌లోకి రెండు ముక్కలూ రికార్డు చేసి, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, రెండింటికీ "లౌడ్‌నెస్ నార్మలైజేషన్" ఒకే అంకెతో పెట్టండి. అందులో ముందుగా ఉండే మైనస్ 23 చాలు.

ఆ మెనూలోనే ఉన్న ఉత్త "నార్మలైజ్" నొక్కకండి. మీలో ముగ్గురు నొక్కారు. అది శబ్దంలోని అతి ఎత్తైన శిఖరాన్ని మాత్రమే చూస్తుంది. ఒక కీబోర్డులో ఢోలక్ దెబ్బ సూదిలా లేచి వెంటనే పడిపోతుంది, ఇంకొకదాంట్లో కంప్రెసర్ (గట్టి శబ్దాలని అణిచే ఎఫెక్ట్) వేసి చదును చేసి ఉంటుంది. రెండింటి శిఖరాలూ సమం చేస్తే, చదును చేసినదే మొత్తం మీద గట్టిగా వినిపిస్తుంది. పియానో, స్ట్రింగ్స్‌కీ ఇదే వర్తిస్తుంది. శిఖరం సమం కావడం వేరు, వినికిడి సమం కావడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకుని సౌండ్ మీద తీర్పులు చెప్పేవాళ్లని ఆర్కెస్ట్రాల్లో ఏళ్ల తరబడి చూస్తున్నాను, ప్రతిసారీ బాధ కలుగుతుంది.

బ్రాడీపేట అబ్బాయి ఇదంతా చేసి మళ్లీ మార్కులు వేశాడు. ఫ్లూట్ కొత్తదాంట్లోనే బాగుంది. పియానో పాతదే నచ్చింది. స్ట్రింగ్స్‌లో తేడా పట్టుకోలేకపోయాడు. అడ్వాన్స్ వెనక్కి వచ్చింది, పాత కీబోర్డు ఇంట్లోనే ఉంది.

ఇప్పుడు సమం చేశాక ఏం వినాలి? రివర్బ్, కోరస్, మాస్టర్ ఈక్యూ తీసేయడం మీకు తెలిసిందే, దాని గురించి మళ్లీ రాయను. పియానోకి ఒకే కీని మెల్లగా మొదలుపెట్టి ఎనిమిది దెబ్బల్లో గట్టిదాకా తీసుకెళ్లండి. ఎక్కడో ఒకచోట స్వరం రంగు ఒక్కసారిగా మారితే అక్కడ ఒక శాంపిల్ పొర ముగిసి ఇంకొకటి మొదలైందని అర్థం. స్ట్రింగ్స్‌కి ఒక నోట్ పది సెకన్లు పట్టుకోండి, శాంపిల్‌లో చిన్న ముక్కనే తిప్పి తిప్పి వాయిస్తుంటే తిరిగి తిరిగి వచ్చే అల తెలుస్తుంది.

ఫ్లూట్ దగ్గర కాస్త ఆగుదాం. సి నుంచి పైకి అన్ని కీస్ వరసగా, ఒక్కోటి రెండు సెకన్లు వాయించండి. వైబ్రాటో వేగం మెట్టు మెట్టుకీ పెరుగుతూ పోయి, ఉన్నట్టుండి మళ్లీ నెమ్మదిస్తే, ఒకే శాంపిల్‌ని చాలా కీస్ మీదికి లాగారన్నమాట. మామూలు పద్ధతిలో మూడు మెట్లు (నల్ల కీస్ కూడా కలిపి మూడు కీస్) పైకి లాగితే వైబ్రాటో 19 శాతం వేగంగా ఊగుతుంది. సినిమా పాట బిట్‌లో ఇది ఎవరూ గమనించకపోవచ్చు. కానీ మన గమకానికి ఇది పెద్ద అడ్డం. శాంపిల్‌లోనే ఊగుతున్న స్వరం మీద మీరు పిచ్ బెండ్‌తో (స్వరాన్ని పైకీ కిందికీ జరిపే మీటతో) తోడి రాగం గాంధారం ఊపితే రెండు ఊపులూ కొట్టుకుంటాయి. అందుకే నేను ఎప్పుడూ వైబ్రాటో లేని ఫ్లూట్‌నే ఎంచుకుంటాను, వినడానికి మొదట బోసిగా ఉన్నా సరే. ఘంటసాల గారి పేరున్న విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలలో వీణ నేర్చుకునే ఒకరు ఈ పరీక్ష చేసి, తనకి ఇష్టమైన టోన్‌ని పక్కన పెట్టేశారు.

యమహా పీఎస్ఆర్-ఎస్ఎక్స్900లో సూపర్ ఆర్టిక్యులేషన్ టోన్లు, కోర్గ్ పీఏ700లో డీఎన్‌సీ టోన్లు ఉన్నాయి. ఇవి మీరు స్వరాలు కలిపి వాయిస్తే ఒకలా, విడదీసి వాయిస్తే ఇంకోలా పలికేలా చేసినవి. కాబట్టి మీ నాలుగు బార్లలో రెండు బార్లు కలిపి, రెండు బార్లు విడదీసి ఉండాలి. అన్నీ విడదీసి వాయిస్తే ఆ టోన్‌కి అన్యాయం జరుగుతుంది.

ఇంకొకటి, ఇది హెడ్‌ఫోన్లలో దొరకదు. మన కల్యాణ మండపాల్లో సౌండ్ అబ్బాయి సాధారణంగా ఒక్క జాక్ ఇస్తాడు. ఎడమ జాక్ మాత్రమే పెడితే చాలా కీబోర్డులు రెండు వైపులనీ కలిపి మోనోగా పంపుతాయి. రెండు మైకులతో స్టీరియోలో తీసిన పియానో అలా కలిసినప్పుడు కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి చంపుకుని, టోన్ సన్నబడుతుంది. ఇంట్లో అద్భుతంగా ఉన్న పియానో బెంజి సర్కిల్ దగ్గరి ఫంక్షన్ హాల్లో రేకుల డబ్బాలా పలికితే తప్పు సౌండ్ అబ్బాయిది కాకపోవచ్చు. స్టేజీ మీద వాయించేవాళ్లు మోనో మార్కులనే ముందు చూడండి. నేనైతే స్టీరియో మార్కులు చివర్లో చూస్తాను.

అసలు వాయిద్యం ఎలా పలుకుతుందో చెవికి గుర్తుండాలి కదా. 1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం ఇంకా మనకి దగ్గర్లోనే ఉంది. పొద్దున్నే కచేరీలో వయొలిన్, వేణువు ఒక అరగంట విని, ఆ తర్వాత కీబోర్డు ముందు కూర్చోండి. వేసవిలో అలా పొద్దున్నే చేయడంలో ఇంకో లాభం కూడా ఉంది: ఫ్యాన్ ఆపగలుగుతారు. ఫ్యాన్ చప్పుడులో పియానో స్వరం ఆరిపోయే చివరి భాగం అస్సలు వినిపించదు.

ఇక అభ్యాసం. ఇది ఒక్క సాయంత్రంలో అయ్యేది కాదు, వారం పెట్టుకోండి. పియానో, ఫ్లూట్, స్ట్రింగ్స్ మూడింటినీ రెండు కీబోర్డుల మీద, స్టీరియోలోనూ మోనోలోనూ రికార్డు చేయండి. మొత్తం పన్నెండు ఫైళ్లు. అన్నిటికీ లౌడ్‌నెస్ సమం చేయండి. తర్వాత ఇంట్లో ఒకరిని పిలిచి నాణెం ఎగరేయమనండి. బొమ్మ పడితే మొదటి కీబోర్డు ఫైలు, బొరుసు పడితే రెండోది వినిపించాలి, మీరు స్క్రీన్ చూడకూడదు. ఏది ఏదో చెప్పండి. ఒక్కో జతకి పదిసార్లు. ఊరికే ఊహించి పదిలో తొమ్మిదో అంతకన్నా ఎక్కువో కొట్టే అవకాశం సుమారు ఒక శాతమే, కాబట్టి తొమ్మిది వస్తే మీకు తేడా నిజంగా వినిపిస్తోందని నమ్ముతాను. ఏడు వస్తే నమ్మను, అది ఊహతోనూ ఆరుసార్లలో ఒకసారి వచ్చేస్తుంది. తొమ్మిదో పదో వచ్చిన జతలకే మార్కులు వేయండి. మిగతావాటి దగ్గర "తేడా లేదు" అని రాయండి, ఖాళీ వదలొద్దు.

పదిసార్లూ అయ్యేదాకా జవాబుల కాగితం అడగకండి. ఇంట్లో రెండు కీబోర్డులు లేనివాళ్లు ఒకే కీబోర్డులోని రెండు ఫ్లూట్ టోన్లతో చేసి పంపండి, లెక్క అదే.