బెంగళూరులో ఉంటూ తెలుగులో వైజ్ఞానిక, అద్భుత కథలు రాయదలచినవారికి

ఉద్యోగం వదలకుండానే మొదట చిన్న కథలతో చేయి తిరగనివ్వండి. వైజ్ఞానిక, అద్భుత రచనలకు అమెరికాలో ఇచ్చే నెబ్యులా పురస్కార నియమాల ప్రకారం 7,500 పదాలలోపుది కథ, 40,000 లేదా అంతకు మించితే నవల. శాస్త్రాన్ని దగ్గరగా చూడటానికి ఈ నగరం దొరకడం నిజంగా అదృష్టమే: జవహర్‌లాల్ నెహ్రూ నక్షత్రశాలకో విశ్వేశ్వరయ్య మ్యూజియానికో వెళ్లి, అక్కడ తెలుసుకున్న సూత్రాల్లో ఒక్కదాన్ని మారిస్తే మారతహళ్లిలోని ఒక తెలుగు కుటుంబం బతుకు ఎలా మారుతుందో చివరిదాకా ఆలోచించండి. మాంత్రిక కథకూ ఇదే పద్ధతి. మంత్రానికి హద్దూ మూల్యమూ లేకపోతే ఉత్కంఠ నిలవదు.

ప్రచురణ ఒప్పందంలో హక్కుల గడువును, ప్రాంతాన్ని తప్పక రాయించుకోండి. 1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, గడువు పేర్కొనకపోతే హక్కుల బదిలీ 5 ఏళ్లకు, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశానికి పరిమితమవుతుంది. అనువాద, సినిమా హక్కులను మాత్రం మీ వద్దనే ఉంచుకోవాలని నా గట్టి అభిప్రాయం.