ఇంట్లోనే ఇంజన్ దించడం, 5వ పాఠం: ఇంజన్‌తో పాటు కారు కూడా లేస్తోందా? అక్కడే ఆగండి

ఈసారి దించిన ఇంజన్‌ని స్టాండ్‌కి బిగించడం చెప్పాలనుకున్నా, కానీ దాన్ని 6వ పాఠానికి జరుపుతున్నా. ఎందుకంటే పోయిన పాఠం చివర్లో "కనెక్షన్లన్నీ తీసేశాక చైన్ తగిలించి, మౌంటింగ్ బోల్టులు తీసి ఎత్తేయండి" అని ఒక్క ముక్కలో తేల్చేశా, అది నా తప్పే, చాలామంది సరిగ్గా అక్కడే ఇరుక్కున్నారు. ఒకరికి మౌంటింగ్ బోల్టు (ఇంజన్‌ని బాడీకి పట్టి ఉంచేది) ఎంతకీ బయటికి రాలేదు, సుత్తితో కొడితే మర పోయింది. ఇంకొకరికి ఇంజన్‌తో పాటు కారు ముందు భాగమంతా లేచొచ్చింది, అయినా క్రేన్ పంపు కొడుతూనే ఉన్నారు, టప్పుమని ఏదో తెగాక ఆపారు. ఆటోమేటిక్ కారు దించిన ఒకరికి ఇంజన్ వెనకాలే టార్క్ కన్వర్టర్ (ఇంజన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య ఉండే ఆయిల్ నిండిన డ్రమ్ము) కూడా ఊడొచ్చి ఆయిలంతా నేలపాలైంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది విన్నాకే నా ప్రాణం కుదుటపడింది.

మనం ఇంజన్ దించడం అంటాం గానీ ముందు ఎత్తాలి, ఆ ఎత్తేది మన చెయ్యి కాదు, హైడ్రాలిక్ జాకీతో లేచే ఇంజన్ క్రేన్. చేత్తో ఏదైనా లాగుతుంటే ఎక్కడో పట్టేసిందని చేతికే తెలిసిపోతుంది. హైడ్రాలిక్ జాకీ హ్యాండిల్ అలా చెప్పదు. 150 కిలోల ఇంజన్ ఎత్తుతున్నా, దానికి తగులుకున్న కారు ముక్కుని కూడా కలిపి ఎత్తుతున్నా మీ చేతికి పెద్ద తేడా ఉండదు. అందుకే క్రేన్ దగ్గర చేతికి తెలియాల్సిన సంగతి కంటితో చూసుకోవాలి, ఒక పంపు కొట్టడం, చుట్టూ చూడడం, మళ్ళీ ఒక పంపు. తొందరగా అయిపోవాలనుకునేవాళ్ళు ఈ పని మొదలుపెట్టకండి.

ఇప్పుడు ఆ కారు లేవడం సంగతి. కొంచెం లేవడం మామూలే, భయపడక్కర్లేదు. ఇంజన్ బరువు ముందు స్ప్రింగుల మీద ఉంటుంది కదా, క్రేన్ ఆ బరువు తీసుకుంటున్నకొద్దీ స్ప్రింగులు సాగి బాడీ పైకొస్తుంది. మరి మామూలుగా లేస్తోందో, ఏదో పట్టుకుని లేస్తోందో ఎలా తెలుస్తుంది? బానెట్ వైపు చూడకండి, మౌంటింగ్ దగ్గర చూడండి. మౌంటింగ్ బోల్టులు తీసేశాక ఇంజన్ కాలుకీ కింద రబ్బరుకీ మధ్య సందు పడాలి. మొదటి రెండు మూడు పంపులకి బాడీ లేస్తుంది, ఆ తర్వాత బాడీ ఆగిపోయి సందు పెరుగుతూ పోవాలి. సందు పెరగకుండా బాడీ ఇంకా లేస్తోందంటే ఏదో పట్టుకునే ఉంది. లేదా ఒకవైపు సందు 3 సెంటీమీటర్లయి రెండోవైపు అసలు పడలేదంటే ఆ రెండోవైపే పట్టుకుంది. చాక్‌పీస్‌తో ఇంజన్ మీదొక గీత, బాడీ మీదొక గీత పెట్టుకుంటే ఇంకా తేలిక.

ఇందుకే ఎత్తే సమయానికి కారు తన చక్రాల మీద ఉండడమే నాకిష్టం, వెనక చక్రాలకి రెండువైపులా అడ్డు చెక్కలు పెట్టి. కారుని జాకీ స్టాండ్ల మీద నిలబెడితే స్ప్రింగులు ముందే సాగిపోయి ఉంటాయి, పట్టుకున్న సంగతి మీకు తెలిసేసరికి కారు స్టాండ్ల మీంచి లేచిపోయి ఉంటుంది. క్రేన్ కాళ్ళు దూరనంత కిందకి ఉండే కార్లకి స్టాండ్లు తప్పవు, అప్పుడు ఇంకో మనిషి స్టాండ్ల వైపే చూస్తూ నిలబడాలి, ఆ మనిషికి వేరే పని చెప్పకండి.

పట్టుకునేవి ఏంటంటే, ఎక్కువసార్లు ఇంజన్ నుంచి బాడీకి వెళ్ళే ఎర్త్ పట్టీ, దాని తర్వాత కింద వెనకవైపు ఉండే టార్క్ రాడ్, అంటే ఇంజన్ ముందుకీ వెనక్కీ ఊగకుండా పట్టే కడ్డీ. పైనుంచి చూస్తే అది కనిపించదు, కాబట్టి మర్చిపోతారు. గేర్ కేబుళ్ళు, ఆక్సిజన్ సెన్సార్ ప్లగ్గు, స్టార్టర్ వెనక చిన్న వైరు కూడా ఇంతే. హీటర్ పైపులు నేనే ఒకసారి మర్చిపోయా. రెండు పంపులు ఎక్కువ కొట్టేసరికి డాష్‌బోర్డ్ లోపల హీటర్ కోర్‌కి (హీటర్ చిన్న రేడియేటర్) ఉన్న గొట్టం విరిగింది, దాన్ని మార్చడానికి డాష్‌బోర్డ్ మొత్తం విప్పాల్సొచ్చింది, ఇంజన్ దించడానికి పట్టినదానికంటే ఎక్కువ రోజులు పట్టింది. అప్పట్నుంచీ 2 సెంటీమీటర్లు లేవగానే ఆపి, టార్చ్ పట్టుకుని ఇంజన్ చుట్టూ ఒక పూర్తి ప్రదక్షిణ చేస్తా.

మౌంటింగ్ బోల్టు రాకపోవడానికి కారణం చాలాసార్లు తుప్పు కాదు, దాని మీద బరువుంది. క్రేన్‌ని కాస్త ఎత్తి, కాస్త దించి చూడండి, ఒక చోట బోల్టు వేళ్ళతో తిరుగుతుంది, అదే సరైన ఎత్తు. సుత్తి పక్కన పడేయండి.

ఆటోమేటిక్ వాళ్ళు: ఇంజన్ ఒక్కటే తీస్తుంటే కన్వర్టర్ గేర్ బాక్స్‌తోనే ఉండిపోవాలి. ముందు కింద మూత తీసి, ఇంజన్ తిరిగేలా క్రాంక్ పుల్లీ బోల్టు తిప్పుకుంటూ ఫ్లెక్స్ ప్లేట్‌కి (ఇంజన్ వెనకుండే పళ్ళెం) ఉన్న కన్వర్టర్ బోల్టులు ఒక్కొక్కటే తీయాలి. నేనైతే ఇంజన్, గేర్ బాక్స్ కలిపే దించుతా, బరువు పెరిగినా ఈ తంటా ఉండదు.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించే విషయం, చైన్. పోయినసారి చాలామంది పొట్టి చైన్ వాడారు, "పొట్టిగా ఉంటే గట్టిగా ఉంటుంది, ఊగదు, పైకి ఎక్కువ ఎత్తు కూడా దొరుకుతుంది" అని. ఎత్తు దొరకడం నిజమే, కానీ గట్టిగా ఉండడం సంగతి సరిగ్గా ఉల్టా. లెక్క చూడండి. ఇంజన్, గేర్ బాక్స్ కలిపి 200 కిలోలనుకుందాం, చైన్‌కి రెండు కాళ్ళు, అంటే హుక్ నుంచి ఇంజన్ మీది రెండు బోల్టుల దాకా దిగే ముక్కలు. రెండూ నిట్టనిలువుగా వేలాడితే ఒక్కోదాని మీద 100 కిలోలు. నేలకి 60 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కోదాని మీద 115. 45 డిగ్రీలకి 141. 30 డిగ్రీలకి 200, అంటే ఒక్కో కాలూ మొత్తం ఇంజన్ బరువుని మోస్తోంది. 15 డిగ్రీలకి 386! ఇంజన్ బరువు పెరగలేదు, చైన్ పడుకున్నకొద్దీ లాగుడు పెరిగింది, అంతే. రెండు చివర్లూ కట్టిన తాడుని మధ్యలో వేలితో నొక్కి చూడండి, వదులుగా ఉంటే తేలిగ్గా దిగుతుంది, బిగుతుగా ఉంటే చివర్లు పీకేసేంత లాగుతుంది, ఇదీ అంతే.

ఇంకా పెద్ద ప్రమాదం చైన్‌కి కాదు, బోల్టుకి. 30 డిగ్రీల దగ్గర చైన్ ఒక్కో బోల్టుని లోపలివైపు, పక్కకి 173 కిలోల బలంతో లాగుతోంది, అదే 60 డిగ్రీలకైతే 58. బోల్టు తన నిలువునా లాగితే బాగానే తట్టుకుంటుంది, పక్కకి వంచితే తట్టుకోదు. దానికి తోడు పొడుగు బోల్టు పెట్టి, మధ్యలో నాలుగు వాషర్లు పేర్చి, వాటి మీద చైన్ లింక్ పెడతారు. అప్పుడది బోల్టు కాదు, గోడలోంచి పొడుచుకొచ్చిన మేకు. చైన్ లింక్ ఇంజన్‌కి ఆనుకునే ఉండాలి, దాని మీద ఒకే ఒక్క మందపాటి పెద్ద వాషర్, దాని మీద బోల్టు తల, మధ్యలో ఖాళీ ఉండకూడదు. తల మీద 8.8 గానీ 10.9 గానీ (బోల్టు బలం చెప్పే అంకెలు) ఉన్న బోల్టే వాడండి, ఏ అంకె లేనిది వద్దు. మర ఎంత లోపలికి వెళ్ళిందో కూడా చూడాలి, పోత ఇనుముకైతే బోల్టు మందానికి ఒకటిన్నర రెట్లు, అల్యూమినియంకైతే రెండు రెట్లు. అంటే 10 మిల్లీమీటర్ల బోల్టు అల్యూమినియం సిలిండర్ హెడ్‌లో 20 మిల్లీమీటర్లు దిగాలి. వాల్వ్ కవర్ బోల్టులకీ, ఇన్‌టేక్ మానిఫోల్డ్ బోల్టులకీ చైన్ తగిలించినవాళ్ళు ఇప్పటికే తీసేసి ఉంటారనుకుంటా. కంపెనీ ఇచ్చిన ఎత్తే కొక్కేలు ఇంజన్ మీద ఉంటే అవే వాడండి, అవి ఆ బరువుకోసమే పెట్టినవి.

కొలిచే పని లేకుండా ఒక గుర్తు: రెండు బోల్టుల మధ్య దూరం ఎంతో, ఒక్కో చైన్ కాలు కనీసం అంత పొడుగుండాలి. మూడు భుజాలూ సమానమైన త్రిభుజం వస్తుంది, 60 డిగ్రీలు దానంతటదే వస్తుంది. అంత ఎత్తు సరిపోకపోతే లోడ్ లెవలర్ (హుక్‌కి తగిలించే, రెండు చివర్లా చైన్లున్న అడ్డ కడ్డీ) వాడండి, దాని చైన్లు దాదాపు నిలువుగా దిగుతాయి, హ్యాండిల్ తిప్పితే ఇంజన్ ముందుకీ వెనక్కీ వాలుతుంది కూడా, గేర్ బాక్స్ కలిపి దించేవాళ్ళకి అది లేకపోతే కష్టమే. ఒకే చైన్‌ని హుక్ మీంచి ఊరికే వేయకండి, అది జారి ఇంజన్ ఒకవైపు తలకిందులవుతుంది, మధ్య లింక్‌ని హుక్‌కి బోల్టుతో బిగించండి.

బూమ్ (క్రేన్ పై చెయ్యి) పొడుగు లాగినకొద్దీ క్రేన్ బలం తగ్గుతుంది, బూమ్ మీద ఒక్కో రంధ్రం దగ్గర రాసిన బరువే లెక్క, డబ్బా మీద రాసింది కాదు.

ఇంజన్ బయటికొచ్చాక క్రేన్‌ని వెనక్కి లాక్కుపోతారు అందరూ, నేను కారునే వెనక్కి తోస్తా. క్రేన్ చక్రాలు చిన్నవి, ఒక గులకరాయి అడ్డొస్తే చాలు పైనున్న బరువు ముందుకి తూలుతుంది. ఒక్క జాగ్రత్త, ముందు యాక్సిళ్ళని చక్రాల హబ్‌లోంచి పూర్తిగా పీకేసి ఉంటే కారుని తొయ్యకండి, బేరింగ్ పాడవుతుంది. గేర్ బాక్స్ వైపుండే లోపలి చివర మాత్రమే ఊడదీసి వైరుతో కట్టి ఉంచుకోవాలి. కారు తప్పుకోగానే ఇంజన్‌ని నేలకి చేరువగా దించేయండి, ఆ తర్వాతే క్రేన్ కదపండి.

వేలాడే ఇంజన్ కిందికి చెయ్యి పెట్టకూడదని నేను మళ్ళీ చెప్పను.

అభ్యాసం. ఇంజన్ జోలికి వెళ్ళకముందు 50 కిలోల ఇసుక బస్తాలు మూడు కలిపి స్లింగ్‌తో కట్టి క్రేన్‌కి తగిలించండి. ఒక మీటరు ఎత్తి అరగంట వదిలేయండి, పక్కన కర్ర నిలబెట్టి గుర్తు పెట్టుకోండి. గుర్తు కన్నా కిందికి దిగితే జాకీ లీక్ అవుతోంది, దాన్ని బాగుచేయించేదాకా ఇంజన్ మాట ఎత్తకండి. దిగకపోతే కింద ఒక ఖాళీ అగ్గిపెట్టె పెట్టి, రిలీజ్ వాల్వ్‌ని కొంచెం కొంచెంగా తిప్పుతూ బస్తాలని దానికి తగిలీ తగలనట్టు దించి ఆపాలి. పెట్టె నలగకూడదు. వరసగా పదిసార్లు, ఒక్కసారి నలిగినా మళ్ళీ ఒకటి నుంచి లెక్క. నాకు మొదటిసారి ఒక సాయంత్రమంతా పట్టింది. పది పూర్తయ్యాకే 6వ పాఠానికి రండి.