సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో ఆడాలంటే: బ్యాలట్ దరఖాస్తు, హ్యాండిక్యాప్ పత్రం

సెయింట్ ఆండ్రూస్‌లోని ఓల్డ్ కోర్సు అనే గోల్ఫ్ మైదానం ఏ క్లబ్బు సొత్తూ కాదు. స్కాట్లండ్ తూర్పు తీరంలో, ఫైఫ్ ప్రాంతంలో ఉన్న ఆ ఇసుక నేల ప్రజలది. అక్కడ ఆడుకునే హక్కు ఊరివాళ్లదని 1552లోనే ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్ చార్టర్ రాసిచ్చాడు. 1974లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన సెయింట్ ఆండ్రూస్ లింక్స్ ట్రస్ట్ ఇప్పుడు దాన్ని నడుపుతోంది. మొదటి టీ (ఆట మొదలయ్యే చోటు) వెనకాల రాతి భవనంలో కనిపించే రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బు కూడా దానికి యజమాని కాదు. కాబట్టి హైదరాబాదు నుంచి వెళ్లేవాళ్లకైనా, డాలస్ నుంచి వెళ్లేవాళ్లకైనా సభ్యత్వం అక్కర్లేదు, సిఫారసు అసలే అక్కర్లేదు. బ్యాలట్ అనే లాటరీలో పేరు రావాలి, చేతిలో హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె, తక్కువైతే ఆట మెరుగు) పత్రం ఉండాలి, అంతే. చిక్కంతా ఆ పత్రం దగ్గరే వస్తుంది. డబ్బు పోయేది మాత్రం లాటరీలో పేరు ఇవ్వడానికి రుసుము లేదని తెలియకపోవడం వల్ల.

దారులు నాలుగు

మొదటిది ముందస్తు దరఖాస్తు. వచ్చే ఏడాది ఆడాలనుకునేవాళ్లకు ట్రస్ట్ వెబ్‌సైట్‌లో ఆగస్టు చివర్లో కొద్ది రోజులు కిటికీ తెరుచుకుంటుంది, ఫలితం శరత్కాలంలో మెయిల్‌లో వస్తుంది. ఓల్డ్ కోర్సుతో పాటు ట్రస్ట్‌దే మరో కోర్సులో కూడా ఒక రౌండు తీసుకోవాలన్న షరతు ఇందులో ఉంటుంది. టీ టైమ్ (ఆట మొదలుపెట్టడానికి కేటాయించిన సమయం) ఎవరి పేరున వస్తే వాళ్లే ఆడాలి. తీసుకుని ఇంకొకరికి ఇవ్వడం, అమ్మడం కుదరదు.

రెండోది రోజువారీ బ్యాలట్. మామూలు యాత్రికుడికి అసలు దారి ఇదే. ఇద్దరు నుంచి నలుగురు కలిసి ఒక జట్టుగా పేర్లు ఇవ్వాలి. ఆడే రోజుకు రెండు రోజుల ముందు, అక్కడి సమయం మధ్యాహ్నం 2 గంటల లోపు నమోదు పూర్తవ్వాలి. ఆ సాయంత్రానికే డ్రా ఫలితం తెలుస్తుంది. ఆదివారం కోర్సు మూసే ఉంటుంది, ఆ రోజు అది ఊరివాళ్లు నడిచే పార్కు. ఈ లెక్కన సోమవారం ఆటకు శనివారం, మంగళవారం ఆటకు ఆదివారం, శనివారం ఆటకు గురువారం పేరివ్వాలి. వేసవిలో అక్కడ 2 గంటలంటే మనకు సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. విమానం ఎక్కకముందే ఇక్కడి నుంచి ఆన్‌లైన్‌లో పేరివ్వవచ్చు కాబట్టి, దిగిన మర్నాడే ఆడాలనుకునేవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. జెట్‌లాగ్‌తో ఆడతారా లేదా అన్నది మీ ఇష్టం.

నమోదులో ప్రతి ఆటగాడి పేరు, సొంత క్లబ్బు, హ్యాండిక్యాప్ ఇండెక్స్ (అధికారిక హ్యాండిక్యాప్ అంకె) అడుగుతారు. ఒకే మనిషి పేరు ఒకే రోజుకు రెండు జట్లలో పెట్టకండి. అవకాశం రెట్టింపు కాదు సరికదా, ఉన్నది కూడా పోవచ్చు. పేరు ఇచ్చినందుకు చెల్లించేది సున్నా, గ్రీన్ ఫీజు (కోర్సులో ఆడినందుకు రుసుము) కట్టాల్సింది టీ టైమ్ వస్తేనే. 2025 వేసవి సీజన్‌లో అది మనిషికి 340 పౌండ్లు. క్యాడీ (సంచి మోస్తూ సలహాలిచ్చే సహాయకుడు) కావాలంటే ఆ ఖర్చు వేరు, దానికి నగదు దగ్గర ఉంచుకోవాలి. క్యాడీ తప్పనిసరి కాదు. అయితే 112 బంకర్లు, అంటే ఇసుక గుంటలు, ఉన్న ఈ కోర్సులో చాలా గుంటలు టీ మీద నిలబడితే కంటికి ఆనవు. ఒక్కసారే ఆడబోయేవాళ్లకు ఆ ఖర్చు దండగ కాదు.

మూడోది ఒంటరి ఆటగాళ్ల డ్రా. పాత పద్ధతిలో అర్ధరాత్రి నుంచి ఓల్డ్ పెవిలియన్ బయట చలిలో వరుస కట్టేవాళ్లు, దాన్ని 2024లో తీసేశారు. ఇప్పుడు ఆడే రోజుకు ముందు రోజు ఊళ్లోనే, స్వయంగా వెళ్లి పేరు నమోదు చేసుకోవాలి. సాయంత్రం డ్రా తీసి ఫోనుకు సమాచారం పంపుతారు. ఇద్దరు, ముగ్గురు ఉన్న జట్లలో మిగిలిన ఖాళీలు వీళ్లకు దక్కుతాయి. ఇంకా తెల్లవారుజామున వరుస కట్టాలని చెప్పేవాళ్ల సమాచారం పాతది.

నాలుగోది, ట్రస్ట్ అధికారికంగా గుర్తించిన సంస్థల ప్యాకేజీ. హోటలు, ఇతర కోర్సులు కలిపి అమ్ముతారు. ఖరీదు గ్రీన్ ఫీజుకు చాలా రెట్లు ఉంటుంది కానీ టీ టైమ్ నిజంగానే ఖాయం. ఆ సంస్థల జాబితా ట్రస్ట్ వెబ్‌సైట్‌లోనే ఉంది. అందులో లేనివాళ్లు ‘గ్యారంటీ టీ టైమ్’ అంటే ఆ మాట అక్కడే ఆపేయండి. ‘మీ తరఫున బ్యాలట్ వేస్తాం’ అని సేవా రుసుము అడిగేవాళ్లు చేసేది కూడా మీ పేర్లు ఒక ఫారంలో నింపడమే. వాళ్లకు ప్రత్యేకమైన డ్రా ఏదీ లేదు.

అసలు చిక్కు: హ్యాండిక్యాప్

ఓల్డ్ కోర్సులో ఆడాలంటే అధికారిక హ్యాండిక్యాప్ ఉండాలి, దాని రుజువు స్టార్టర్‌కు (మొదటి టీ దగ్గర ఆటగాళ్లను వరుసగా పంపే ఉద్యోగికి) చూపించగలగాలి. పరిమితి పురుషులకైనా స్త్రీలకైనా 36. క్లబ్బు కార్యదర్శి లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన ‘వీరు మంచి ఆటగాడు’ లేఖ దీనికి పనికిరాదు. కంపెనీ టోర్నమెంటులో నిర్వాహకులు ఆ పూటకు వేసిన హ్యాండిక్యాప్, సిమ్యులేటర్ చూపించిన అంకె, ఏ సంఘానికీ అనుబంధం లేని ఫోన్ యాప్ లెక్క కూడా అంతే. కావలసింది ప్రపంచ హ్యాండిక్యాప్ విధానం కింద వచ్చిన ఇండెక్స్. భారతదేశంలో ఆ విధానాన్ని నడిపేది ఇండియన్ గోల్ఫ్ యూనియన్, దాని అనుబంధ క్లబ్బుల ద్వారానే ఇండెక్స్ వస్తుంది. అమెరికాలోని మనవాళ్లకు జిన్ సంఖ్య (GHIN, అక్కడి గోల్ఫ్ సంఘం ఇచ్చే హ్యాండిక్యాప్ సంఖ్య) ఉంటే సరిపోతుంది. సొంత క్లబ్బు లేకుండా పబ్లిక్ కోర్సుల్లో ఆడేవాళ్లు కూడా రాష్ట్ర గోల్ఫ్ సంఘం ద్వారా దాన్ని తీసుకోవచ్చు.

ఇండెక్స్ చేతికి వచ్చినంత మాత్రాన పని అయిపోదు. ఈ విధానంలో ఇండెక్స్ గరిష్ఠంగా 54 దాకా ఉండవచ్చు, ఓల్డ్ కోర్సు గీత 36 దగ్గరే. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు దెబ్బతినేది ఇక్కడే, అదీ లెక్క తెలియక.

మొదటి ఇండెక్స్ రావడానికి 54 హోల్స్ (బంతిని వేయాల్సిన గుంతలు) ఆడిన స్కోరు కార్డులు కావాలి, అంటే 18 హోల్స్ రౌండ్లు మూడు. కోర్సుకు రేటింగ్ (ఆరితేరిన ఆటగాడికి రావాల్సిన స్కోరు), స్లోప్ (మామూలు ఆటగాడికి అది ఎంత కష్టమో చెప్పేది) అంకెలు ఉండాలి. పక్కన ఆడినవారు మార్కర్‌గా కార్డు మీద సంతకం పెట్టాలి. ఒక్కరే ఆడిన రౌండు, జట్టంతా కలిసి ఒకే బంతి ఆడే స్క్రాంబుల్ రౌండు లెక్కలోకి రావు. ఇండెక్స్ లేనివాళ్లకు ఒక్కో హోల్‌లో పార్ (ఆ హోల్‌కు నిర్ణయించిన దెబ్బల సంఖ్య) కంటే 5 ఎక్కువ దాకా మాత్రమే లెక్కిస్తారు. అందువల్ల ఒక హోల్‌లో 12 కొట్టినా కార్డు పూర్తిగా చెడిపోదు.

ఒక్కో రౌండుకు తేడా అంకె ఇలా వస్తుంది: ప్రామాణిక స్లోప్ అంకె 113ని కోర్సు స్లోప్‌తో భాగించి, సవరించిన స్కోరులోంచి కోర్సు రేటింగ్ తీసేయగా మిగిలినదానితో గుణించాలి. రేటింగ్ 71, స్లోప్ 125 ఉన్న కోర్సులో 113, 115, 117 కొట్టారనుకోండి. తేడాలు వరుసగా 38.0, 39.8, 41.6 అవుతాయి. మూడు కార్డులే ఉన్నప్పుడు అన్నిటికంటే తక్కువ తేడాలోంచి 2 తగ్గిస్తారు. ఇండెక్స్ 36.0. సరిగ్గా గీత మీద, అర్హులే.

ఆ ఆనందంలో టికెట్లు కొంటారు. ప్రయాణానికి ముందు సాధన కోసం నాలుగో కార్డు ఇస్తారు, అది 114. నాలుగు కార్డులుంటే తగ్గింపు 2 కాదు, 1 మాత్రమే. ఇండెక్స్ 37.0కు చేరింది. ఐదో కార్డుకు తగ్గింపు అసలు ఉండదు, దాంతో 38.0. ఆట ఏమీ దిగజారలేదు, అర్హత మాత్రం పోయింది. ఆరో కార్డు నుంచి రెండు మంచి స్కోర్ల సగటు, అలా పెరుగుతూ 20 కార్డులకు చేరాక వాటిలో 8 మంచి స్కోర్ల సగటు తీసుకుంటారు. అప్పుడే అంకె కాస్త నిలకడగా ఉంటుంది. కార్డులు దాచుకుంటే సరిపోతుందనుకోవడం నియమాలకు విరుద్ధం, క్లబ్బు హ్యాండిక్యాప్ కమిటీ సరిదిద్దగలదు కూడా. చేయగలిగింది ఒక్కటే, ముందుగా మొదలుపెట్టడం. వచ్చే వేసవికి వెళ్లాలనుకుంటే ఇప్పటి నుంచే ప్రతి రౌండుకూ కార్డు ఇవ్వండి. ఇండెక్స్ 32, 33 ప్రాంతంలో ఉంటే నిశ్చింత. 35.5 దగ్గర ఉన్నవాళ్లు ఆడే వారం దాకా దాని మీద కన్నేసి ఉంచాలి, ఎందుకంటే దరఖాస్తు చేసిన రోజున ఎంత ఉందన్నది కాదు, ఆడే రోజున ఎంత ఉందన్నదే లెక్క.

ఇంకో సంగతి, క్లబ్బు సభ్యత్వం గడువు తీరితే ఇండెక్స్ కూడా నిలిచిపోతుంది. చందా మార్చిలో తీరి, ప్రయాణం మేలో ఉంటే ముందే కట్టేయండి.

పేరు

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది ఇది. క్లబ్బు రికార్డులో ‘కె.వి. రావు’, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, బ్యాలట్ ఫారంలో ‘వెంకట్’. టీ టైమ్ బదిలీ చేయకూడదన్న నియమం ఉన్నచోట మూడు రకాల పేర్లు చూపిస్తే ప్రశ్నలు వస్తాయి. క్లబ్బు కార్యాలయంలో చెప్పి హ్యాండిక్యాప్ రికార్డును పాస్‌పోర్టులో ఉన్నట్టే మార్పించుకోండి, బ్యాలట్‌లోనూ అదే రాయండి. ఇండెక్స్ పేజీని ప్రింట్ తీసి, ఫోన్‌లోనూ భద్రపరచుకోండి. స్టార్టర్ ముందు నిలబడి నెట్‌వర్కు కోసం వెతకడం అనవసరపు కంగారు.

వీసా

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు స్టాండర్డ్ విజిటర్ వీసా కావాలి. అమెరికా గ్రీన్‌కార్డు, హెచ్1బీ ఉన్నా యూకే పర్యటనకు ఈ వీసా తప్పదు. అమెరికా పౌరులైనవాళ్లకు ఈటీఏ (ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి) చాలు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో, ప్రయాణానికి 3 నెలల ముందు నుంచి చేయవచ్చు. 6 నెలల వీసా రుసుము 2025 ఏప్రిల్ సవరణ ప్రకారం 127 పౌండ్లు. వేలిముద్రలు హైదరాబాదు కేంద్రంలోనే ఇవ్వవచ్చు, నిర్ణయానికి సాధారణంగా 3 వారాలు.

బ్యాలట్ ఫలితం రెండు రోజుల ముందుగానీ తెలియదు కదా, వీసాకు ఏం చూపించాలి అని చాలామంది హైరానా పడతారు. టీ టైమ్ ధ్రువపత్రం వీసాకు అవసరం లేదు. విహారయాత్ర అని, ఫలానా తేదీల్లో సెయింట్ ఆండ్రూస్‌లో ఉంటామని, బ్యాలట్‌లో ప్రయత్నిస్తామని నిజం రాస్తే చాలు. ఏజెంటు ‘ఫైలు బలంగా ఉంటుంది’ అంటూ దొంగ బుకింగ్ కాగితం పెట్టబోతే ఒప్పుకోకండి. తప్పుడు పత్రం బయటపడితే ఈ దరఖాస్తు తిరస్కరించడమే కాదు, 10 ఏళ్ల నిషేధం పడవచ్చు. ఆ దరఖాస్తు కింద ఉండేది మీ సంతకం, ఏజెంటుది కాదు. వీసా రాకముందే వెనక్కి రాని హోటలు బుకింగులు, టికెట్లు కొనకండి. దరఖాస్తుకు ముందు ఖాతాలో హఠాత్తుగా పడిన పెద్ద మొత్తానికి మూలం చూపాలి. పట్టాదారు పాస్‌బుక్కు లాంటి తెలుగు పత్రాలు పెడితే ధ్రువీకరించిన ఇంగ్లిషు అనువాదం జతచేయాలి.

రోజుల లెక్క

వారాంతం అతికించుకుని రెండు రాత్రులు ఉంటే బ్యాలట్‌కు అవకాశం దాదాపు లేనట్టే. ఆదివారం చేరుకుని శుక్రవారం దాకా ఉండేలా పెట్టుకుంటే ప్రతి రోజూ ఒక ప్రయత్నం దొరుకుతుంది. ఈలోగా ఖాళీగా కూర్చోకుండా, పక్కనే ఉన్న న్యూ కోర్సు, జూబిలీ కోర్సుల్లో, ఊరి బయట ఉన్న కాసిల్ కోర్సులో ముందే టీ టైమ్‌లు కొనిపెట్టుకోండి. న్యూ అనే పేరు ఉన్నా అది 1895 నాటిది. ఊళ్లో రైలు స్టేషన్ లేదు. ఎడిన్‌బరా నుంచి లూకర్స్‌లో దిగి, అక్కడి నుంచి 99 నంబరు బస్సు ఎక్కాలి.

ఓల్డ్ కోర్సులో బగ్గీలు (ఆటగాళ్లు తిరిగే చిన్న బండ్లు) ఉండవు, వైద్య కారణం రుజువైతే తప్ప 18 హోల్సూ నడవాల్సిందే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు డాక్టరు పత్రంతో ముందే ట్రస్ట్‌కు రాసి అడగాలి, టీ దగ్గరకు వెళ్లాక అడిగితే ఉపయోగం ఉండదు. నవంబరు నుంచి మార్చి దాకా ఫీజు తక్కువే గానీ ఫెయిర్‌వేల (టీకి, గుంతకు మధ్య కత్తిరించిన గడ్డి దారుల) మీద బంతిని చిన్న చాప మీద పెట్టి కొట్టాలి, పగలు కూడా కురచ. సెప్టెంబరులో రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బు సమావేశం, అక్టోబరు మొదట్లో డన్‌హిల్ టోర్నమెంటు వల్ల సామాన్యులకు దొరికే రోజులు తగ్గిపోతాయి. 2027 జూలైలో 155వ ఓపెన్ గోల్ఫ్ పోటీ ఇక్కడే జరుగుతుంది కాబట్టి ఆ ఏడాది వేసవికి పథకం వేసేవాళ్లు ట్రస్ట్ క్యాలెండర్‌లో మూసివేత తేదీలు చూశాకే సెలవు పెట్టుకోవాలి.