పీ పఫర్ చేపకు తిండి అలవాటు చేయడం

అక్వేరియం దుకాణాల్లో పీ పఫర్ పేరుతో అమ్మే చిట్టి చేప మన పశ్చిమ కనుమల నదులకు చెందినది. కేరళలోని పంబా నదిలో దొరికిన చేపల ఆధారంగా హోరా, నాయర్ అనే శాస్త్రవేత్తలు 1941లో దీనిని తొలిసారి వర్ణించారు. నేడు ఇది అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘమైన ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ముప్పున్న జాతిగా నమోదై ఉంది. అమ్మకానికి వచ్చే వాటిలో చాలావరకు ఏటిలో పట్టినవే కనుక, ఇంటికి తెచ్చుకున్న చేపను ఆకలితో చావనివ్వకుండా చూడటం తెచ్చుకున్నవారి బాధ్యత.

దుకాణంలో ఇచ్చే గుళికలను ఈ చేప దాదాపుగా ముట్టదు. దానిని మొండితనం అనుకోవడం పొరపాటు. రెండు కళ్ళనూ వేర్వేరుగా తిప్పుతూ, ఎర ముందు ఒక క్షణం నిలకడగా ఆగి, ఒక్కసారిగా కొరికే వేటచేప ఇది. కదలనిది దీని దృష్టిలో తిండే కాదు. అందువల్ల మొదటి వారం ప్రాణమున్న ఆహారమే పెట్టాలి.

అన్నిటికన్నా నమ్మకమైనది నత్త. చెరువు నత్తలతో పరాన్నజీవులు వచ్చే ప్రమాదం ఉన్నందున, తోటి అభిరుచిపరుల అక్వేరియం నుంచి కొన్ని చిన్న నత్తలను తెచ్చి, వేరొక సీసాలో ఉడికించిన పాలకూర ఆకులు వేసి పెంచుకోవడం మేలు. చేప కంటికన్నా పెద్దవి కాని నత్తలను ఎంచి వేస్తే, గుల్లలోంచి తల బయటపెట్టే వరకు అది ఓపికగా కాచుకొని లాగి తింటుంది. తినగా మిగిలిన మాంసం నీటిలో కుళ్ళకుండా ఆ గుల్లలను తీసివేయాలి.

రెండవది ఆర్టీమియా అనే, ఉప్పునీటిలో పెరిగే రొయ్యజాతి చిట్టి జీవి. ఆంధ్ర తీరంలోని రొయ్యల హేచరీలలో పనిచేసేవారికి ఇది రోజూ చేతిలో ఆడే వస్తువే. లీటరు నీటిలో 25 నుంచి 30 గ్రాముల కల్లుప్పు కరిగించి, చిటికెడు గుడ్లు వేసి, గాలి పంపుతో బుడగలు ఆడిస్తూ, 28 డిగ్రీల వెచ్చదనంలో వెలుతురు తగిలేలా ఉంచితే సుమారు 24 గంటలకు నారింజ రంగు పిల్లలు బయటికి వస్తాయి. అప్పుడు గాలి ఆపి, సీసా అడుగున ఒక పక్క దీపం పెడితే పిల్లలు వెలుతురు వైపు చేరతాయి, ఖాళీ పెంకులు పైకి తేలతాయి. పిల్లలను సన్నని గుడ్డలో వడకట్టి, మంచినీటితో కడిగి వెంటనే వేయాలి. ఆలస్యమైన కొద్దీ వాటిలోని పోషకాలు తగ్గిపోతాయి. దోమ లార్వాలను కూడా ఈ చేప ఇష్టంగా తింటుంది, కానీ వాటి కోసం పెరట్లో నీళ్ళు నిలవ ఉంచడం డెంగీని పిలవడమే కనుక నేను దానిని సమర్థించను.

చేప చురుకుగా తింటున్నదని నిర్ధారించుకున్నాక, ముక్కలుగా గడ్డకట్టించి అమ్మే ఎర్రని కీటక లార్వాలైన బ్లడ్‌వర్మ్‌ వైపు మళ్ళించవచ్చు. ముక్కను చిన్న గిన్నెలోని నీటిలో కరిగించి, ఆ నీటిని పారబోసి, పురుగులను మాత్రమే తీసుకోవాలి. ఉదయం చేప ఆకలిగా ఉన్నప్పుడు ఒక్కొక్క పురుగును డ్రాపర్‌తో ఫిల్టర్ నుంచి నీరు పడే చోట వదిలితే, ప్రవాహంలో అది మెలికలు తిరుగుతూ పోయి ప్రాణమున్నట్టే కనిపిస్తుంది. తినకపోతే ఆ పూట పట్టుబట్టకుండా, కాసేపాగి ప్రాణమున్న ఎర ఇచ్చి, మరునాడు మళ్ళీ ప్రయత్నించాలి. చేపకు మూడు నాలుగు పురుగులు చాలు. పది నిమిషాల్లో తిననిదాన్ని పీల్చి తీసివేయకపోతే అది కుళ్ళి నీటిలో అమోనియా పెరుగుతుంది.

ఒకటికి మించి చేపలుంటే బలమైనది మిగతావాటిని తరిమివేస్తుంది కాబట్టి, మొక్కలను దట్టంగా పెంచి, ఆహారాన్ని రెండు మూడు చోట్ల ఏకకాలంలో వేయాలి. తిన్న తరువాత ప్రతి చేప పొట్టనూ చూడటం అలవాటు చేసుకోవాలి: కొద్దిగా గుండ్రంగా ఉంటే సరిపడా తిన్నట్టు. బాగా తింటున్నా పొట్ట లోపలికి పీక్కుపోయి, మలం తెల్లని దారంలా వేలాడుతుంటే పేగుల్లో పరాన్నజీవులు ఉన్నాయని అనుమానించి, ఆ చేపను వేరు చేసి చేపల వైద్యం తెలిసినవారిని సంప్రదించాలి. తిండి మార్చడం దానికి మందు కాదు.

ఊరికి వెళ్ళవలసి వస్తే, తెలియనివారికి తిండి పని అప్పగించి నీరు పాడుచేసుకోవడం కన్నా, చేపకు నాలుగైదు చొప్పున చిన్న నత్తలను వదిలి వెళ్ళడం మంచిది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపకు రెండు రోజులకు అవి సరిపోతాయి.